ఎరుపు పడని పోస్టర్

వెర్నా హాల్వర్సన్ పదకొండేళ్ళుగా గొర్రెమాంసం గురించి రాస్తోంది. గొర్రెమాంసం ఒక్కటే అంటే పాపం తగులుతుంది. బంగాళాదుంపలూ ఉన్నాయి, నారింజలూ ఉన్నాయి, కుక్కలు తినే బిస్కెట్లూ ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో మిషన్ వీధి మీదున్న పెద్ద సూపర్‌మార్కెట్లో ధరల అట్టలన్నీ ఆవిడ చేతిరాతే. బండి తోసుకుంటూ పోయే ఇల్లాలు ఆగకూడదు, తల తిప్పకూడదు, కంటి కొసకి తగలగానే ధర బుర్రలోకి దూరిపోవాలి. ఆ విద్యలో వెర్నాని కొట్టేవాళ్ళు ఊళ్ళో లేరు. ఆవిడ అట్టని చదవనివాళ్ళు ఆ పేటలో లేరు, ఆగి చూసినవాళ్ళూ లేరు. అట్ట కింద పేరు రాసుకోవడం అక్కడ కుదరదు. రాసుకున్నా ఒరిగేదేమీ లేదనుకోండి, మాంసం కొనేవాడికి రాసిందెవరైతేనేం.

అది 1967 జూన్, బుధవారం మధ్యాహ్నం. వెర్నా నిచ్చెనెక్కి మాంసం కౌంటరు మీద కొత్త అట్ట కడుతుంటే కింద నుంచి ఎవరో పిలిచారు. చూస్తే ఎట్టోరె కనేపా. నార్త్ బీచ్‌లో ప్రెస్సు నడుపుకునే పెద్దాయన, అరవై రెండేళ్ళ మనిషి. సిరా మరకల ఏప్రన్‌తోనే బస్సెక్కి వచ్చేశాడు. చంకలో న్యూస్‌పేపర్లో చుట్టిన పెద్ద పలక ఏదో ఉంది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకనపెట్టుకెళ్ళినట్టుంది వాలకం.

"దిగమ్మా," అన్నాడు.

"పని మీదున్నానండీ. మేనేజరు చూస్తే బాగోదు."

"చూడనీ. నీ అక్షరాలు నా దగ్గరున్నాయి."

"మీ దగ్గర కాక ఇంకెక్కడుంటాయి? ఇవాళ ఎరుపు వేస్తానన్నారుగా."

"అన్నాను. వేద్దామంటే కాగితాల్లేవు."

"ఏమయ్యాయి?"

"ఊళ్ళో ఉన్నాయి," అన్నాడు ఎట్టోరె. "స్తంభాల మీద."

వెర్నా నిచ్చెన దిగింది. ఎలా దిగిందో ఆవిడకే తెలియదు.

సంగతేమిటంటే, ఆ వారం వెర్నా జీవితంలో మొట్టమొదటి పాటకచేరీ పోస్టర్ అచ్చవుతోంది. స్లీపీ కామెట్ అని నలుగురు కుర్రాళ్ళ జట్టు. నిద్రమత్తు తోకచుక్క అని అర్థం, ఆ ఊళ్ళో ఆ రోజుల్లో జట్ల పేర్లన్నీ ఆ తీరుగానే ఏడిచేవి. శనివారం మేరిగోల్డ్ హాల్లో వాళ్ళ మొదటి పెద్ద కచేరీ. వెర్నా మూడు వారాలపాటు వాళ్ళు సాధన చేసుకునే గరాజుకి వెళ్ళి, బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుని, ఒళ్ళో కాగితాలు పెట్టుకుని విన్నది. ముప్ఫై ఆరేళ్ళ మనిషి, ముడి, ఊలు స్వెట్టరు. మొదటిరోజు ఇంటిగలావిడ గొడవపెట్టుకోడానికి వచ్చిందనుకుని వాళ్ళు పాట ఆపేశారు. ఆవిడకీ ఆరోజు తలనొప్పే మిగిలింది. రెండో వారానికి చెయ్యి దానంతటదే కదలడం మొదలెట్టింది. గిటారు కుర్రాడు ఒక్క స్వరాన్ని పట్టుకుని పాకంలా సాగదీస్తుంటే అక్షరం మెడ పొడుగైంది. వెనక బేస్ గిటారు గుమ్ గుమ్మంటే అక్షరం అడుగున పొట్ట వచ్చింది. ఆర్గన్ వాయించే పిల్లాడు మెలికలు తిప్పితే అక్షరమూ మెలిక తిరిగింది. పదకొండేళ్ళు నిటారుగా నిలబెట్టిన అక్షరాలన్నీ ఆ గరాజులో ఒళ్ళు విరుచుకున్నాయి.

పోస్టర్లో ఒక ఆడమనిషి ముఖం. ఆవిడ జుట్టు పసుపుపచ్చగా పైకి లేచి కాగితమంతా కమ్మేస్తుంది. చుట్టూ నీలం. ఆ పచ్చటి జుట్టు నిండా ఎర్రటి అక్షరాలు, జట్టు పేరు, హాలు పేరు, వారం, వేళ, అన్నీ పాయలు పాయలుగా. ఆ పసుపు మీద ఆ ఎరుపు, పక్కనే నీలం పడితే అక్షరాలు నిలబడిన చోటే వణుకుతాయి. ఆ వణుకుడు కోసమే వెర్నా అంత పాటూ పడింది. చిట్టచివర, చెవి పక్కనున్న చిన్న రింగులో ఎవరికీ చెప్పకుండా తన పేరు రాసుకుంది. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. పదకొండేళ్ళ ఆకలి మరి.

అచ్చు ఒక్కో రంగూ విడివిడిగా పడుతుంది, ఒకటి ఆరాక ఇంకొకటి. సోమవారం పసుపు, మంగళవారం నీలం, బుధవారం ఎరుపు. ఎట్టోరె బుధవారం భోజనానికి వెళ్ళాడు. సలామీ ముక్కలు పెట్టిన రొట్టె తిని వచ్చేసరికి ఆరబెట్టిన దొంతర ఖాళీ. పోస్టర్లు అంటించే గస్ వచ్చి, ఎనిమిది వందలూ స్కూటరు మీద వేసుకుని పోయాడు. ఒక్క అక్షరం లేనివి.

"పదండి," అంది వెర్నా. "పట్టుకొచ్చేద్దాం. సాయంత్రానికి ఎరుపు వేసేస్తే ఎవరికీ తెలీదు."

మేనేజరుకి పంటినొప్పని చెప్పింది. ఆయన అట్ట వైపు చూశాడే కానీ ఆవిడ వైపు చూడలేదు, వెళ్ళమన్నాడు.

హిప్పీల పేటలో, హైట్ వీధిలో బస్సు దిగేసరికి గస్ ఓ మెట్టు మీద కూర్చుని యాపిల్ తింటున్నాడు. ఒకప్పుడు కేబుల్ కారుకి బ్రేకులు వేసేవాడు, నలభై అయిదేళ్ళుంటాయి, గడ్డం బొడ్డు దాకా. పక్కన ఖాళీ అట్టపెట్టె.

"ఏవీ?" అంది వెర్నా.

"అయిపోయాయి. గంటన్నర పట్టిందంతే."

"అన్నీ కొట్టేశావా?"

"నేను కొట్టడమేంటి, జనం కొట్టేశారు. ఇటు నేను స్తంభానికి పిన్ను కొడుతుంటే అటు వెనక స్తంభం మీది పీక్కుపోతున్నారు. ఒకతనైతే నా చేతిలోంచే తీసుకున్నాడు, థాంక్స్ గురూ అని కూడా అన్నాడు."

నిజమే. వీధి పొడుగునా స్తంభానికి నాలుగేసి పిన్నులు, పిన్నుకో చిరిగిన మూల. ఆ పేటలో అందరూ ప్రేమ, శాంతి అనేవాళ్ళే, పూలు పంచేవాళ్ళే. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం.

ఎట్టోరె గస్ ముందు నిలబడ్డాడు. "నువ్వు నా కొట్లోకి వచ్చి, పూర్తికాని సరుకు ఎలా తీసుకుపోతావయ్యా?"

"పూర్తి కాలేదా?"

"అక్షరాలేవీ దాంట్లో?"

గస్ యాపిల్ నమలడం ఆపాడు. "నేను పది నిమిషాలు చూశానండీ. ఇటు తిప్పాను, అటు తిప్పాను. ఒక్క ముక్క చదవలేకపోయాను. చదవలేకపోయాను కదా, పూర్తయిపోయిందనుకున్నా."

ఎట్టోరె పలకని ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. చెప్పొద్దూ, ఆ ఏడాది ఆ ఊళ్ళో గస్‌ని తప్పు పట్టడానికి లేదు. పోస్టర్ చదవగలిగితే అది ఏ బ్యాంకు ప్రకటనో అనుకునే కాలం.

చెప్పులు కుట్టే దుకాణం ముందు నలుగురు గుమిగూడి ఉన్నారు. అద్దానికి లోపలి వైపు అంటించారు కాబట్టి ఆ ఒక్క పోస్టరూ దక్కింది. జుట్టు పెంచిన కుర్రాళ్ళిద్దరు వాదించుకుంటున్నారు.

"శనివారమని ఉంది, స్పష్టంగా."

"నీ మొహం. ఆదివారం. ఆ పాయ చూడు, ఎలా తిరిగిందో."

"నీకు అద్దాలు కావాలి గురూ."

"నీకు బుర్ర కావాలి."

వాళ్ళ పక్కన సంచీ భుజానేసుకున్న పోస్ట్‌మాన్, నల్లజాతి మనిషి, పెద్ద వయసువాడు, టోపీ వెనక్కి నెట్టి కళ్ళలో వత్తులేసుకుని చూస్తున్నాడు. చొక్కా మీద లూషియస్ అని పేరుంది.

"ఇరవై రెండేళ్ళ సర్వీసండీ," అన్నాడు వెర్నాతో, తనే కల్పించుకుని. "డాక్టర్ల రాత చదివాను. తాగుబోతుల రాత చదివాను. వానలో తడిసిన కవరు మీది అడ్రసు వాసన చూసి చెప్పాను. దీని దగ్గర ఓడిపోయాను. ఇంట్లోనూ ఒకటుంది."

"మీరూ పీక్కెళ్ళారా?"

పోస్ట్‌మాన్ సంచీ సర్దుకున్నాడు. "గాలికి ఊడేలా ఉందని జాగ్రత్త చేశానంతే."

వెర్నాకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. శనివారానికి మూడు రోజులుంది. కచేరీ ఎక్కడో ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఎట్టోరె దగ్గర కాగితం అయిపోయింది, కొత్త లోడు సోమవారం గానీ రాదు. తన పేరు పేపరు చుట్టుకుని పెద్దాయన చంకలో ఉంది.

"కచేరీ పెట్టిస్తున్న లెన్‌కి చెప్పాలి," అంది.

"చెప్పాలి," అన్నాడు ఎట్టోరె. అయ్యవారిని చేయబోతే కోతి అయిందని ఇద్దరి మొహాల మీదా రాసుంది, అదైతే అందరూ చదవగలరు.

మేరిగోల్డ్ హాలు ఒకప్పుడు చక్రాల బూట్లతో జారే మైదానం. దాన్ని అద్దెకి తీసుకుని కచేరీలు పెట్టిస్తున్న లెన్ కోస్టిగన్ ఒకప్పుడు పాత కార్లు అమ్మేవాడు. ఇప్పటికీ మాట్లాడుతుంటే మనల్ని కారు చుట్టూ తిప్పుతున్నట్టే ఉంటుంది. వీళ్ళు లోపలికి రాగానే లేచి ఎదురొచ్చాడు.

"రా వెర్నా, రా. పెద్దాయనా, మీరూ కూర్చోండి. ఆ కుర్చీ వద్దు, దానికి కాలు లేదు. ఎనిమిది వందల పోస్టర్లు గంటన్నరలో మాయం. ఈ హాలు తెరిచాక ఇలాంటిది చూడలేదు నేను. ఇదిగో, నాకే దొరక్కపోతే గస్‌ని బతిమాలి ఒకటి దాచుకున్నా."

గోడ మీద పసుపు జుట్టు ఆడమనిషి ఏమీ చెప్పకుండా చూస్తోంది.

"లెన్, ఒక మాట చెప్పాలి."

"నేను చెప్పాక చెబుదువు. వేసవంతా నువ్వే. పన్నెండు పోస్టర్లు. సెప్టెంబరు దాకా ఇంకెవరి బొమ్మా గోడెక్కదు. రేపే వెళ్ళి ఆ నిచ్చెన వాళ్ళ మొహాన కొట్టు."

వెర్నా పదకొండేళ్ళుగా ఈ మాట కోసమే కదా ఎదురుచూసింది. ఇప్పుడు నోరు మూసుకుని తలూపితే చాలు. శనివారం హాలు ఖాళీగా ఉంటే, జట్టు కొత్తది, జనానికి తెలియదు అనుకుంటారు. అక్షరాల సంగతి ఎవరికి తెలుస్తుంది? ఎట్టోరె కప్పు వైపు చూస్తున్నాడు. ఆయన చెప్పడు. కానీ ఖాళీ హాల్లో ఆ నలుగురు పిల్లలు కరెంటు స్తంభాల్లా నిలబడటం కళ్ళముందు కనిపించింది. ఇంకో సంగతి, పైకి చెప్పుకోలేనిది, అంతకంటే గట్టిగా గుచ్చుకుంది. వీడు మెచ్చుకుంటున్నది తన పనిని కాదు. తను మూడు వారాలు చేసింది ఈ గోడ మీద లేనే లేదు.

"దాంట్లో అక్షరాల్లేవు," అంది.

లెన్ పకపకా నవ్వాడు. "అదేగా నీ గొప్పతనం. ఉన్నాయా లేవా అనిపించేలా దాచావు చూడు..."

"నిజంగానే లేవు."

"నేను చదివాను వెర్నా."

"ఏం చదివారు?"

"స్లీపీ కామెట్. మేరిగోల్డ్ హాలు. శనివారం ఎనిమిదింటికి."

"ఎక్కడ?"

లెన్ గోడ దగ్గరకి వెళ్ళి ధీమాగా వేలు పెట్టాడు. వేలు జుట్టులోంచి బయల్దేరింది. నుదుటి మీదికి వచ్చింది. చెవి చుట్టూ తిరిగింది. ముక్కు దాకా వచ్చి ఆగిపోయింది. ఈలోగా ఎట్టోరె చంకలోని న్యూస్‌పేపరు విప్పి, ఎరుపు రంగు వేయాల్సిన రేకు పలకని బల్లమీద పెట్టాడు. అక్షరాలన్నీ దాని మీదే ఉన్నాయి, ఒక్కటీ తక్కువ కాకుండా.

లెన్ తేలు కుట్టిన దొంగలా వేలు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత మాట్లాడినవి రాయను. ఎట్టోరెని, గస్‌ని, గస్ స్కూటరుని, సలామీ రొట్టెని కూడా వదలలేదు. చివరికి వెర్నా వైపు తిరిగాడు.

"శనివారం పిట్ట కూడా రాదు. నీ పోస్టర్‌ని నమ్ముకుని కొత్త జట్టుకి రోజిచ్చాను. ఇప్పుడేం చేద్దామంటావు?"

వెర్నాకి ఆ ఆలోచన నిజంగా అప్పుడే వచ్చింది, ముందు వచ్చిందని ఎవరైనా అంటే నమ్మకండి. "కాగితాలు వాళ్ళ దగ్గరున్నాయి," అంది నెమ్మదిగా. "ఎనిమిది వందల మంది ఇళ్ళలో. అందరూ చదవలేక ఛస్తున్నారు. వాళ్ళనే తెచ్చుకోమందాం. శనివారం సాయంత్రం ఇక్కడ, తలుపు దగ్గర, ఎరుపు వేసి ఇద్దాం."

"ప్రెస్సుని తలుపు దగ్గరికి లాక్కొస్తావా?"

"ప్రెస్సక్కర్లేదు. గొర్రెమాంసం అట్టలు వేసినట్టే. చట్రానికి పల్చటి పట్టుగుడ్డ బిగిస్తాం, అక్షరాలున్న చోట తప్ప మిగతాదంతా మూసేస్తాం, పైనుంచి రబ్బరు పట్టీతో రంగు లాగుతాం. పండగల ముందు రోజుకి మూడొందలు వేసేదాన్ని."

ఎట్టోరె లేచి నిలబడ్డాడు. ఆయన మొహం చూస్తే ఎవరో ఆయన తల్లిని తిట్టినట్టుంది. "వీధిలోనా? గాలిలోనా? స్తంభాల మీంచి పీకిన చిరుగు కాగితాల మీదా? రంగు మీద రంగు ఎలా కుదురుతుందమ్మా?"

"కుదరదు."

"కుదరదని తెలిసే వేస్తావా?"

"వేస్తాను."

పెద్దాయన గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు.

లెన్‌కి కోపం తగ్గలేదు కానీ పాత కార్లమ్మిన మనిషి కదా, సరుకు వాసన పసిగట్టాడు. "ఎనిమిదింటికి హాలు నిండితే వేసవి నీది," అన్నాడు. "నిండకపోతే నీ గొర్రెలు, నువ్వు."

గురువారం లెన్ రేడియో స్టేషన్‌కి వెళ్ళి కథంతా చెప్పాడు. కొత్త జట్టు కచేరీ అంటే ఎవడూ గాలిలోకి వదలడు. ఊరంతా నిన్నటి నుంచి అక్షరాల్లేని కాగితాన్ని చదువుతోందంటే మాత్రం అక్కడి అనౌన్సరు కుర్చీలోంచి పడిపోయినంత పని చేశాడు. సాయంత్రంలోగా నాలుగుసార్లు చెప్పాడు. చెప్పినప్పుడల్లా కొంచెం పెంచి చెప్పాడు.

శుక్రవారం వెర్నా పంటినొప్పిని ఇంకోరోజు పొడిగించి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పల్చటి పొర మీద అక్షరాలన్నీ మళ్ళీ కత్తితో చెక్కింది. పొద్దుటే మొదలుపెడితే దీపాలు పెట్టే వేళకి చెవి పక్కన రింగు మిగిలింది. కత్తి పట్టుకుని కాసేపు ఆగింది. ఇది లేకపోయినా ఎవరికీ లోటుండదు, హాలు నిండకపోతే ఈ పేరుని చూసి నవ్వుతారు కూడా. అనుకుంటూనే చెక్కేసింది. ఆ రింగు ఒక్కదానికే అరగంట పట్టింది.

శనివారం అయిదింటికి హాలు ముందు బల్ల వేశారు. ఆ ఊళ్ళో జూన్ అంటే అంతే, పొగమంచు వీధి చివరిదాకా వచ్చి కూర్చుంది, అందరూ కోట్లు తొడుక్కున్నారు. తలుపు నుంచి దీపస్తంభం దాకా గస్ బట్టలారేసే తాడు కట్టాడు, చెక్క క్లిప్పులు కూడా తెచ్చాడు. ఎట్టోరె మంచి చొక్కా వేసుకుని, కంటికి భూతద్దం పెట్టుకుని నిలబడ్డాడు. రంగు డబ్బా సూపర్‌మార్కెట్‌ది, మూత మీద గొర్రె బొమ్మ ఉంది.

అయిదున్నర దాకా ఒక్క పురుగు రాలేదు. లెన్ తలుపు సందులోంచి చూసి లోపలికి పోయాడు. మళ్ళీ చూశాడు, మళ్ళీ పోయాడు. వెర్నా రబ్బరు పట్టీని నాలుగోసారి తుడిచింది.

అప్పుడు మలుపులోంచి యూనిఫాం లేని పోస్ట్‌మాన్ వచ్చాడు, బూడిదరంగు సూటు, టోపీ. పోస్టర్‌ని గుండ్రంగా చుట్టి, రిజిస్టర్డ్ ఉత్తరంలా రెండు చేతులతో పట్టుకున్నాడు.

"గాలికి ఊడబోయిందన్నారే, అదేనా?" అంది వెర్నా.

"అదేనండి. దీన్ని నేను చదవలేనని మా ఆవిడ మూడు రోజులుగా నాతో పందెం కాస్తోంది. వేసి ఇవ్వండి. చదివి మాత్రం చెప్పకండి, నేనే చదువుకుంటా."

కాగితం మూలలు చిరిగి ఉన్నాయి, వంకరగా ఉంది. వెర్నా దాన్ని చట్రం కింద పెట్టి, ఎర్ర రంగు పోసి, పట్టీ ఒక్క లాగు లాగింది. చట్రం ఎత్తింది. పసుపు జుట్టులోంచి అక్షరాలు లేచి కూర్చున్నాయి. వేలెడు పక్కకి జరిగాయి, కొసలు పొంగి నీలంలో పడ్డాయి, పడిన చోటల్లా వణుకుతున్నాయి.

"తప్పు," అన్నాడు ఎట్టోరె భూతద్దంలోంచి.

"అబ్బ," అన్నాడు లూషియస్. తడి కాగితాన్ని జాగ్రత్తగా తీసుకెళ్ళి మెట్టుమీద దీపం కింద కూర్చున్నాడు.

ఆ తర్వాత ఇద్దరొచ్చారు, శనివారం, ఆదివారం అని కొట్టుకున్నవాళ్ళు. తర్వాత అయిదుగురు. తర్వాత గస్ లైను నిలబెట్టడం మొదలెట్టాడు, లైను మూల తిరిగిపోయింది. చుట్టి తెచ్చినవాళ్ళు, మడిచి తెచ్చినవాళ్ళు, తలుపుతో సహా ఊడదీసి తెచ్చినవాడొకడు. పోస్టర్ని తలుపుకి గట్టిగా అంటించేశాట్ట, ఏం చేస్తాడు. వెర్నా లాగుతూనే ఉంది. "తప్పు," "తప్పు," "ఇదీ తప్పే," అంటూ ఎట్టోరె ఒక్కోదాన్నీ తాడుకి తగిలిస్తున్నాడు. ఓ నలభై దాకా అన్నాడు. తర్వాత అనడం మానేశాడు. ఒకచోట భూతద్దం తీసేసి, మామూలు కళ్ళతో ఒక కాగితాన్ని చాలాసేపు చూసి, "ఇది బాగుంది," అన్నాడు, ఎవరికీ వినపడకూడదన్నట్టు.

జడలో డైసీ పూలు పెట్టుకున్న అమ్మాయొకతె అరగంట నిలబడి బల్ల దగ్గరకొచ్చాక కాగితం వెనక్కి లాక్కుంది. "నాకు ఎరుపొద్దు. ఇలాగే బాగుంది."

వెర్నాకి చివుక్కుమంది. "మరి లైన్లో ఎందుకు నిలబడ్డావమ్మా?"

"అందరూ నిలబడ్డారు కదా," అంది ఆ పిల్ల, హాల్లోకి వెళ్ళిపోయింది.

ఏడున్నరకి లోపల గిటారు శ్రుతి చేసుకోవడం వినిపించింది. కాసేపటికి ఆర్గన్ మెలిక తిరిగింది, బేస్ గిటారు దెబ్బకి బల్ల మీద రంగు డబ్బా వణికింది. తాడు మీది పోస్టర్లు గాలికి ఊగుతున్నాయి. వెర్నా తల ఎత్తి చూసింది. గరాజులో విన్న పాటే, సాగదీసిన ఆ స్వరమే, కళ్ళెదుట ఎర్రగా ఊగుతోంది, ఒక్కో కాగితం మీద ఒక్కో రకంగా జరిగి. సరిగ్గా కుదిరి ఉంటే ఇంత బాగుండేది కాదనిపించింది. ఆ సంగతి ఎట్టోరెకి చెప్పే ధైర్యం మాత్రం చేయలేదు.

లెన్ బయటికొచ్చాడు. జుట్టంతా చెమట.

"కాలు పెట్టే చోటు లేదు లోపల," అన్నాడు. "సోమవారం వచ్చి నన్ను కలుసుకో. జూలై మొదటి వారానికి ఇంకో పోస్టర్ కావాలి."

"అక్షరాలతోనా?" అంది వెర్నా.

లెన్ ఒక్క క్షణం ఆలోచించాడు, కార్లమ్మేవాడు కదా. "నీ ఇష్టం," అని లోపలికి పోయాడు.

లైను అయిపోయింది. మెట్టు మీద లూషియస్ ఒక్కడే ఉన్నాడు, దీపం కింద, పోస్టర్ మోకాళ్ళ మీద పరుచుకుని. రెండున్నర గంటలుగా అక్కడే ఉన్నాడు. టోపీ తీసి పక్కన పెట్టాడు. వేలితో ఒక్కో పాయా పట్టుకుని వస్తున్నాడు.

"అయిందండీ," అన్నాడు లేచి. "జట్టు పేరు వచ్చింది, హాలు వచ్చింది, వారం వచ్చింది, ఎనిమిది గంటలూ వచ్చింది. మా ఆవిడ పందెం ఓడిపోయింది. కానీ ఇంకొకటుంది. చెవి పక్కన, ఈ రింగులో." పోస్టర్ని దీపానికి ఎత్తి పట్టుకుని, కూడబలుక్కుంటూ చదివాడు. "వెర్నా. హాల్వర్సన్. ఈవిడ కూడా లోపల పాడుతోందా?"

వెర్నా లేదన్నట్టు తలూపింది.

"మరి ఎవరో తెలుసా మీకు? పేరు చదివానంటే ఆ మనిషికి అందజేయకుండా ఇరవై రెండేళ్ళలో ఒక్కరోజూ ఇంటికెళ్ళలేదు నేను."

వెర్నా చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. ఏప్రన్‌కి తుడుచుకుంది, పోలేదు, అలాగే ఒకటి ముందుకు చాపింది.

"నేనే," అంది.

లూషియస్ ఆ పేరు వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. రంగు చేతిని అలాగే పట్టుకుని ఊపాడు.

"ఇదంతా మీరు రాసిందా?"

"అవును."

"చంపేశారు తల్లీ. మూడు రోజుల నుంచి చూస్తూనే ఉన్నాను, అన్నం దగ్గర కూడా. ఇప్పుడు చదివేశాను కదా, అయినా చూడాలనే ఉంది."

వెర్నా కళ్ళు తుడుచుకోబోయి బుగ్గ నిండా ఎరుపు పూసుకుంది. ఎట్టోరె వచ్చి ఆవిడ చేతిలోంచి రబ్బరు పట్టీ తీసుకున్నాడు.

"చట్రం నేను కడుగుతాలే," అన్నాడు. "లోపలికి వెళ్ళి పాట విను పో."